ఒక్క కార్డు మీద వీధి జబ్బులన్నీ

రాజోలు దగ్గర మా ఊరి ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చిన ఏడాది, నర్సమ్మగారు ఇంటింటికీ తిరిగి ఎవరికి ఏ జబ్బుందో కార్డుల మీద రాసుకున్నారు. ఏ వీధిలో ఏ జబ్బు ఎక్కువో కంప్యూటర్ చెబుతుందట. అక్కడికి మందులు ముందుగా వస్తాయట.

మా వీధిలో ఒక్కరూ నోరు విప్పలేదు. అందరిళ్ళలోనూ పెళ్ళీడు పిల్లలున్నారు. జబ్బు బయటపడితే సంబంధాలు రావు. నాకా బెంగ లేదు. మా ఆయన పోయారు, పిల్లల్లేరు, అరుగు మీద ఇడ్లీలు వేసుకుని బతుకుతున్నదాన్ని. మందులంటూ వస్తే తలా కాస్త పంచుకోవచ్చని వాళ్ళ జబ్బులన్నీ నా పేరునే రాయించేశాను. పక్కింటి వదినగారి దగ్గు, ఎదురింటి బావగారి షుగరు, చివరింటి పిన్నిగారి బోదకాలు.

నర్సమ్మగారు నా కాళ్ళ వంక చూసి, “బోదకాలు ఏదండీ?” అన్నారు.

“ఇంకా లోపలే ఉందండీ, ఆయ్,” అన్నాను.

వారం తిరక్కుండా జీపు వచ్చింది. డాక్టరుగారి చేతిలో మూరెడు కాగితం. “ఇన్ని జబ్బులున్న మనిషి ఇంకా లేచి తిరుగుతోందా?” అని ఆయన అడుగుతుండగానే, చంకలో నీళ్ళబిందెతో ఎదురొచ్చాను. నన్ను చూస్తారు, కాగితం చూస్తారు. నాకు నవ్వాగలేదు.

“దగ్గు సంగతి తేలేదాకా ఇడ్లీలు అమ్మకూడదమ్మా,” అన్నారాయన. నవ్వు ఆగిపోయింది.

అరుగు ముందు బెంచీ మీద ఇడ్లీలు తింటున్నవాళ్ళు పళ్ళేలు కింద పెట్టేశారు. నా పొయ్యి ఆరితే నాకు కూడు లేదు. అయినా పక్కింటి వంక చూడలేదు.

వదినగారే చెంగు బిగించి గుమ్మం దిగారు. “ఆ దగ్గు నాదండీ! ఈవిడ మా కోసం రాయించేరు. ఈవిడకి తుమ్ము కూడా రాదు!” అని ఖళ్ళుఖళ్ళున దగ్గి మరీ చూపించారు.

ఇక వీధిని ఎవరాపగలరు?

“షుగరు నాదండీ, నాది నాకిచ్చేయండి,” అంటూ బావగారు పరుగున వచ్చారు. పిన్నిగారు మా అరుగెక్కి చీర మోకాలిదాకా ఎత్తి, “బోదకాలంటే ఇదండీ, బాగా చూసుకోండి!” అన్నారు. “ఒక్కొక్కరూ రండమ్మా,” అని డాక్టరుగారు మొత్తుకుంటున్నారు. నర్సమ్మగారు నా పేరు పక్కన జబ్బులన్నీ కొట్టేసి కొట్టేసి కాగితం చింపేశారు.

“మరి ఈవిడకేముంది?” అన్నారు డాక్టరుగారు.

“పొగరండీ,” అన్నారు వదినగారు.

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. నేను మూత తీసి వేడి వేడి ఇడ్లీల వాయి దింపాను.