చిన్నాయన తిరిగిన ఏడు చుట్లు

పోయిన ఆదివారం చంద్రపూర్‌లో మా క్వార్టర్ల పక్కనున్న మెస్సులో టీవీ చూస్తూ అన్నం తింటున్నాం. చేతులకు ఉబ్బిన తొడుగులు వేసుకున్న ఇద్దరు విదేశీ బాక్సర్లు ఒకరి మొహం ఒకరు వాచగొట్టుకుంటున్నారు. ఒకతని కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతుంటే మూలన కూర్చోబెట్టి, ఏదో పూసి, మళ్లీ పంపారు. మా వెల్డరు పప్పు కలుపుకుంటూనే తేల్చేశాడు: "గన్ని పైసలిస్తే నేను సుత నాలుగు గుద్దులు తింట." స్టోర్ కీపరు ఒప్పుకోలేదు. "నాలుగు తిన్నంక ఐదోదానికి లేవాలె గద తమ్మీ. అది పైసలతోని రాదు." ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఏ ప్రశ్న వచ్చినా కాగితం మీద నిలువుగా గీత గీసి అటు కొన్ని, ఇటు కొన్ని రాసే అలవాటుంది. ఆ రాత పిచ్చి చూసి వాళ్లు నవ్వుతారు, కానీ తగువు వస్తే నా దగ్గరికే వస్తారు. ఆ రోజూ గీత గీశాను. డబ్బు వైపు మూడు కారణాలు రాశాను, ఇష్టం వైపు రెండు. ఆరోదిగా మా చిన్నాయన గుర్తుకొచ్చాడు. ఆయన్ను ఎటువైపు రాయాలో తెలియక పెన్ను మూత పెట్టేశాను.

చిన్నాయన అంటే మా బాపుకు తమ్ముడు. సిరొంచలో ప్రాణహిత ఒడ్డున మాది వరి పండించే ఇల్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే మడిలో నాట్లు వేయించేవాళ్లు, కానీ కోతలు అయిపోగానే బాపు ధాన్యం వైపు, చిన్నాయన తాలీం వైపు వెళ్లేవాళ్లు. తాలీం అంటే కుస్తీ నేర్చుకునే చోటు. మా ఊళ్లో అది నాలుగు మట్టిగోడలు, ఒక గుంట, ఒక హనుమంతుడు. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం సెలవుల్లో టేపు కొత్తగా కొన్న ఉత్సాహంలో చిన్నాయన మెడ కొలిచాను. పదిహేడున్నర అంగుళాలు. చెవులు కొలవడానికి వీల్లేకపోయింది, పట్టుల్లో నలిగి నలిగి అవి మరమరాల ఉండల్లాగా ముడుచుకుపోయాయి. కోతల నుంచి హోళీ దాకా ఆయన జాతర జాతరకూ తిరిగేవాడు: అల్లపల్లి, ముల్చేర, ఏరు దాటి చెన్నూరు. ఎక్కడ కుస్తీలు పెడితే అక్కడ దిగేవాడు. వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో వచ్చేవాడు కాదు. మా ఇంట్లో ఉన్న రెండు రాగి బిందెలు, ఒక గంగాళం, అయిదు పాగాలు, రోజుకు పావుగంట ముందు నడిచే గోడ గడియారం, ఒకప్పుడు ఒక పొట్టేలు, అన్నీ ఆయన గెలిచి తెచ్చినవే. బాపు వాటిని చూసి, "మా తమ్ముడు కుస్తీ పట్టడు, అంగడి చేసుకొస్తడు" అనేవాడు. చిన్నాయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "మరేంది? ఉత్తగ మన్నుల పొర్లుటానికి నాకేమన్న పిస్సనా? ఇనాం కోసమే పోతున్న" అనేవాడు. అందరం అదే నమ్మాం. నేనైతే బిందెలు లెక్కపెట్టి మరీ నమ్మాను.

మా వైపు కుస్తీలకు ఒక వరుస ఉంటుంది. మొదటి పట్టు కొబ్బరికాయకు; మీసం రాని కుర్రవాళ్లు దిగుతారు. తరువాత తువ్వాల, తరువాత ఇత్తడి చెంబు, బిందె, పాగా. అన్నిటికన్నా చివర, పొద్దు వాలే వేళకు, వెండి కడియం. కడియం గెలిచినవాడు దాన్ని కుడి చేతికి వేసుకుంటే ఇక జీవితంలో తీయడు. పద్నాలుగేళ్లలో చిన్నాయన కొబ్బరికాయ నుంచి పాగా దాకా అన్నీ గెలిచాడు, కడియం ఒక్కటే మిగిలిపోయింది. మూడుసార్లు దాని దాకా వెళ్లాడు. ఒకసారి ఓడిపోయాడు, రెండుసార్లు గెలుపోటములు తేలక బరాబరి అయి కడియం ఇచ్చినవాళ్ల పెట్టెలోకే వెళ్లింది. మా జిల్లా చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలిగా మారిన తరువాత వచ్చిన మొదటి శివరాత్రి నాటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు పటుక్కుమనేది. చిన్నమ్మ ఆ ఏడు ఒక షరతు పెట్టింది. ఇదే ఆఖరు. నలభై రోజులు బర్రె పాలు ఒక్క గ్లాసు కూడా అమ్మకుండా, రాత్రి నానబెట్టిన బాదం పలుకులు ఇరవై చొప్పున తానే నూరి పోసింది. మా ఊరి శివరాత్రి జాతర రోజు పొద్దున గుమ్మంలో నిలబడి, "కడెం తొడుక్కొనొస్తె వచ్చినట్టు. లేకుంటె ఆ లంగోటి పొయ్యిల పెడ్త" అంది. వాడలో ఆడవాళ్లందరికీ కడియం సంగతి అప్పటికే చెప్పేసింది. కుస్తీలకు మా దగ్గర ఆడవాళ్లు రారు. ఆమె ఇంట్లోనే ఉండి ఎదురుచూడాలి.

గుంట తయారు చేయించే పని ఆ ఏడు నాకు అప్పగించారు, డిప్లొమా రెండో సంవత్సరం కదా అని. ఇరవై రెండు అడుగుల చదరం. ఎర్రమట్టిని రెండుసార్లు జల్లించి, మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె కలిపి తొక్కించాను. నీటిమట్టం గొట్టం పెట్టి చదును చూస్తుంటే ముసలివాళ్లు, "కుస్తీ పడ్తరా, మోరీ కడ్తరా?" అని నవ్వారు. ఆ మట్టి వాసన, పులిసిన మజ్జిగా నూనే కలిసిన వాసన, ఇప్పటికీ ఏ గ్రీజు డబ్బా తెరిచినా నాకు తగులుతుంది. మధ్యాహ్నం కొబ్బరికాయ పట్టుతో మొదలైంది. డప్పులు, బెల్లం జిలేబీ, దుమ్ము. చిన్నాయనతో తలపడాల్సిన పహిల్వాను మంచిర్యాల దిక్కువాడు, పడవ మీద రావాలి. పాగా కుస్తీ కూడా అయిపోయింది, అతను రాలేదు. చివరికి పడవవాడొక్కడే వచ్చి చెప్పాడు: "ఆయన రాడు. చెన్నూరుల ఇనాం పెద్దగున్నదట, అటే పోయిండు."

ఇలాంటప్పుడు ఏం చేయాలో పద్ధతి ఉంది. వచ్చిన పహిల్వాను చెయ్యి పైకెత్తి, తొడ చరుస్తూ గుంట చుట్టూ ఒక్క చుట్టు తిరగాలి. జనంలోంచి ఎవరైనా తిరిగి తొడ చరిస్తే వాడితో పట్టాలి. ఎవరూ చరచకపోతే కడియం ఇతనిదే. చిన్నాయన తిరిగాడు. ఎవరూ కదల్లేదు, ఆ మెడ చూసి ఎవరు కదులుతారు?  కడియం మన ఇంటికి వచ్చేసిందనుకున్నాను. దాన్ని ఇస్తున్న బట్టల సావుకారు ఎర్రగుడ్డ విప్పి ముందుకు వచ్చాడు. చిన్నాయన ఆయన ముందు నుంచే వెళ్లిపోయి రెండో చుట్టు మొదలుపెట్టాడు.

"ఒక్క చుట్టు చాలు పహిల్వాన్, చెయ్యి సాపు."

"జర ఆగుండ్రి శేట్. ఎవలన్న ఉంటరు."

మూడో చుట్టు. నాలుగో చుట్టు. జనం మొదట చప్పట్లు కొట్టారు, తరువాత గుసగుసలాడారు, తరువాత నవ్వారు. బాపు ఉండబట్టలేక అరిచాడు: "ఎన్నిసార్లు తిరుగుతవ్‌రా? పెండ్లా ఏంది, ఏడడుగులు నడుస్తానికి? తీసుకొని రా!" చిన్నాయన మొహం చూశాను. కడియం వైపు ఒక్కసారి కూడా చూడటం లేదు. జనంలో ఒక్కొక్క మొహాన్నీ వెతుకుతున్నాడు, తప్పిపోయిన మనిషి కోసం వెతికినట్టు. ఏడో చుట్టులో చింతచెట్టు కింద ఆగిన కర్ర లారీ దగ్గర నుంచి తొడ చరిచిన చప్పుడు వచ్చింది.

ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో ఆ గోండు యువకుడికి. కమలాపూర్‌లో ఏనుగుల దగ్గర పని, అల్లపల్లి నుంచి కర్ర లారీ మీద జాతర చూడటానికి వచ్చాడు. చిన్నాయన మొహం వెలిగిపోయింది.

"ఏ తాలీం బిడ్డా నీది?"

"తాలీం గిలీం లేదే. ఏనుగు గొలుసు గుంజుత."

జనం గొల్లుమన్నారు. సావుకారు వద్దన్నాడు, ఊరూ పేరూ లేనివాడికి కడియం కుస్తీ ఎట్లా అని. చిన్నాయన, "తొడ చరిచిండు గద శేట్, అయిపాయె" అని యువకుడి చెయ్యి పట్టుకుని గుంటలోకి దించాడు. గుప్పెడు మట్టి తీసి ఎదుటివాడి చేతిలో పెట్టాలని, భుజానికి రాయాలని, వీపు నేలకు తగిలితే ఓడినట్టని, అన్నీ తానే నేర్పాడు. నేను గడియారం చూసుకున్నాను.

తొమ్మిదో నిమిషంలో చిన్నాయన అతన్ని బోర్లా పడేశాడు, కానీ తిప్పలేకపోయాడు. టేకు దుంగను ఒక్కడే దొర్లించాలని చూసినట్టుంది. యువకుడు చిన్నాయనను వీపు మీద మోస్తూనే లేచి నిలబడ్డాడు. జనం కేకలకు పడవ రేవులో కట్టేసిన ఎడ్లు బెదిరాయి. పద్నాలుగో నిమిషంలో చిన్నాయన మళ్లీ పడేశాడు, అతను మళ్లీ లేచాడు. పడేసిన ప్రతిసారీ చిన్నాయన నవ్వుతున్నాడు! పదిహేడో నిమిషంలో మోకాలు పటుక్కుమంది, నాకు వినపడకపోయినా తెలిసింది. ఇరవై రెండో నిమిషంలో ఆ యువకుడు ఆయన్ను రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు వెల్లకిలా దించాడు. పెద్దమనుషులు "చిత్!" అని అరిచారు. అతను మాత్రం వదల్లేదు, ఇంకా అదిమి పట్టే ఉన్నాడు. కింద నుంచి చిన్నాయన గొంతు వినిపించింది.

"ఇడువు అయ్యా, గెల్చినవ్."

"గెల్చిన్నా?"

"నా ఈపు మన్నుల ఉన్నది, కనవడ్తలేదా?"

కడియం ఆ యువకుడి చేతి ఎముక దాటలేదు. చిన్నాయనే తన ఒంటి నూనె తీసి అతని మణికట్టుకు రాసి, మెల్లగా ఎక్కించాడు. బాపు గుంటలోకి దిగాడు. తన తల మీది పాగా తీసి తమ్ముడి తలకు చుట్టాడు. ఆ క్షణంలో మా ఇంటి పేరు ఎవరైనా అడిగితే బాగుండునని నాకు అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ వాకిట్లోనే ఉంది. మొదట చేతి వైపే చూసింది. "కడెం ఏది?" "కమలాపూర్ పోయింది" అన్నాడు చిన్నాయన. ఆమె ఆయన్ను వదిలి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. అన్నీ రాసుకుంటవు గద." నేను వరుస తప్పకుండా చెప్పాను: పడవవాడి మాట, చుట్లు, తొమ్మిదో నిమిషం, పద్నాలుగు, పదిహేడు, ఇరవై రెండు. ఆమె చేతిలో పాలగిన్నె అలాగే ఉంది. అంతా విని, "ఏడు చుట్లా? ఒక్కటి చాలు గద?" అంది.  ఆమె చిన్నాయన ముందుకు వెళ్లి నిలబడింది.

"పద్నాలుగేండ్ల సంది ఇనాం కోసమే పోతున్న అంటివి?"

చిన్నాయన తల దించుకుని, మోకాలు రుద్దుకుంటూ అన్నాడు: "అట్ల చెప్పకపోతే పోనిస్తుంటివా?"

 చిన్నమ్మ పాలగిన్నె ఆయన చేతిలో పెట్టింది. లంగోటిని పొయ్యిలో పెట్టలేదు, ఉతికి దండెం మీద ఆరేసింది. మరునాడు బావి దగ్గర, "మా ఆయిన ఏడు చుట్లు తిరిగిండు" అని కడియం గెలిచిన దానికన్నా గట్టిగా చెప్పుకుంది.

మెస్సులో ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. చిన్నాయన తరువాత గుంటలో దిగలేదు. ఇప్పుడు తాలీంలో పిల్లలకు పట్టులు చెబుతున్నాడు, కమలాపూర్ యువకుడు ఏటా శివరాత్రికి వచ్చి ఆయన కాళ్లకు మొక్కి వెళ్తాడు. నాకు ఒక్కటే చింత. ఆ రోజు కుస్తీ ఇరవై రెండు నిమిషాలని ఎవరు అడిగినా చెప్పగలను. ఆ ఏడు చుట్లకు ఎంత సమయం పట్టిందో మాత్రం చూసుకోలేదు. కుస్తీ మొదలైతేనే సమయం మొదలవుతుందనుకునే వయసు నాది. కొలవాల్సింది దానికి ముందు గడిచిన సమయాన్నని అప్పటికి తెలియదు.