మా అత్త వద్దన్న బోరు

హోసూరులో ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉంటే ఊరి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త పోయిందని వదిన చెప్పింది. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది, ఇక మా ఊరి మంచినీళ్ల బావికి దిక్కెవరని. చావు కబురు వింటూ బావిని తలుచుకున్నానేమని సిగ్గుపడ్డాను. అత్త అయితే తిట్టేది కాదు.

కృష్ణగిరి దగ్గర మెట్ట మీద ఊరు మాది. అత్తను ఊళ్లోనే ఇచ్చారు. తొంభైలలో నీళ్ల కమిటీ వేసినప్పుడు ఆడవాళ్లు ఇద్దరు ఉండాలన్నారని అత్త పేరు రాసుకున్నారు. మీటింగుకు మామ పోయి సంతకం పెట్టి వచ్చేవాడు. పేరే కదా అనుకున్నారు, మనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదు.

అత్త మాత్రం రోజూ బిందె దించే ముందు బావిలోకి వంగి, నీళ్ల పైన ఎన్ని రాతి వరసలు బయటపడ్డాయో లెక్కపెట్టేది. మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో పెళ్లి భోజనాల దగ్గర కూడా ఆ లెక్కే చెప్పేది. బావికి కూడా అత్తే అని మేం ఎగతాళి చేసేవాళ్లం. "నీళ్ల కాడ మొగమాటపడితే గొంతు ఎండిపోతాది" అనేది.

నేను ప్లస్ టూ చదివే ఏడు, ఎండాకాలంలో మా నాన్న మామిడితోటకు బోరు వేయాలనుకున్నాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాణ్ణి పిలిపించాడు. కాయ లేచి నిలబడిన చోటు బావికి ముప్పై అడుగులు కూడా లేదు. కమిటీ ఒప్పుకుంటుందని ఊరంతటికీ తెలుసు. మీటింగు రోజు అత్త మామకన్నా ముందు పోయి బెంచీ మీద కూచుంది. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడ్డాం.

ఇవన్నీ నీకెందుకమ్మా అన్నాడు నాన్న.

"మోసేది మేమే కదన్నా, అందుకే వచ్చినాను. తోట ఎండితే నీకు ఒక కాపు పోతాది. ఈ బావి ఎండితే మేం యాడికి పోయేది? మొదట మా వదిన నడుమే ఇరిగేది" అని గుమ్మంలో ఉన్న అమ్మను చూపించింది.

బోరు ఆగిపోయింది. నాన్న చెల్లెలితో మాటలు మానేశాడు. పండక్కి పంపే పుట్టింటి చీర కూడా పంపలేదు. అమ్మ దగ్గర అత్త ఒక్కసారే ఏడ్చింది. "చీర పోతే పోనీ వదినా, అన్న మొగం చూడకుండా ఉండలేకుండా ఉండాను" అంది. మూడో ఏడు కరువుకు పక్క ఊళ్లలో ట్యాంకర్ల దగ్గర బిందెలతో కొట్టుకున్నారు. మా బావిలో అడుగునైనా నీళ్లు నిలిచాయి. ఆ పండక్కి నాన్న చీర పంపించాడు.

అత్త పోయిన పదకొండో రోజు అందరూ విస్తళ్ల ముందు కూచుని ఉండగా కమిటీ మనిషి కాగితం తెచ్చాడు. అత్త స్థానంలో మా వదిన పేరు రాసుకున్నారు. శుక్రవారం మీటింగట, బావి పక్కన ఇంకొకరి బోరు సంగతట. సంతకం పెట్టప్పా అని కాగితం మా అన్న చేతికిచ్చాడు. అన్న జేబులోంచి పెన్ను తీశాడు. నాన్న తలవంచుకుని అన్నం కలుపుతున్నాడు. పెద్దవాళ్ల ముందు ఏనాడూ నోరెత్తని వదిన, సాంబారు గిన్నె కింద పెట్టి, చెంగుకు చేయి తుడుచుకుని అన్న ముందుకు వచ్చి చేయి చాపింది. గరిటెలు ఆగిపోయాయి. వదిన చాపిన చేయి దించలేదు. అన్న ఇంకా పెన్ను ఇవ్వలేదు.