ఇరవై రెండు పౌండ్ల గాలి

నిజాం రాజ్యం పోయిన మరుసటి వేసవిలో నేను లారీ దిగి కారు ఎక్కాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. మా ఇంట్లో అందరూ గొర్లు కాచినవాళ్లే, స్టీరింగు పట్టింది నేనొక్కణ్నే. సూర్యాపేటలో ఒక డాక్టరమ్మ ఉండేది, బెజవాడ వైపు మనిషి. చుట్టుపక్కల ఊళ్లకు వైద్యానికి వెళ్లడానికని ఒక పాత కారు కొనుక్కుని, దానికి డ్రైవరుగా నన్ను పెట్టుకుంది.

లారీ మీద పడిన అలవాటొకటి నాతోపాటే వచ్చింది. టైర్లో గాలి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని నా నమ్మకం. పొద్దున్నే పంపు కొట్టి, చక్రాన్ని కాలితో తన్ని చూసేవాణ్ని. కాలు నొప్పి పుడితే గాలి సరిపోయినట్టు లెక్క. కారు మాత్రం దారంతా ఎగిరెగిరి పడేది. డాక్టరమ్మ తల రెండుసార్లు పైకప్పుకు కొట్టుకుంది. ఆమె పాపం రోడ్డునే తిట్టుకునేది.

ఒకరోజు మునగాల నుంచి తుంటి విరిగిన ముసలాయన్ని తీసుకొస్తున్నాం. వెనక సీట్లో పడుకోబెట్టాం. గుంత వచ్చినప్పుడల్లా ఆయన గట్టిగా మూలిగేవాడు. కొంతదూరం వచ్చాక, "బిడ్డా, జర ఆపు," అన్నాడు. ఆపాను.

"నన్ను దించి ఎడ్లబండి ఎక్కియ్యి. గీ మోటారు నా రెండో తుంటి గూడ ఇరగ్గొడ్తది."

డాక్టరమ్మ నవ్వలేదు. "టైర్లలో ఎంత గాలి ఉందయ్యా?" అని నన్నడిగింది.

"నిండ ఉన్నదమ్మా."

"నిండా అంటే ఎంత?"

కాలితో తన్ని చూడటం తప్ప నాకు వేరే లెక్క తెలియదు. అక్కణ్నుంచి సూర్యాపేట దాకా మనిషి నడిచే వేగంతో పోనిచ్చాను. ఆయన మూలుగు విన్నప్పుడల్లా అది నా చేతుల్లోంచే వస్తున్నట్టనిపించింది.

ఆ వారమే ఆమె నన్ను కోదాడ పంపింది. అక్కడ రోడ్డు పక్కన టైర్లు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. యుద్ధకాలంలో మిలిటరీ బండ్ల దగ్గర పనిచేసి వచ్చినవాడు. మిట్టమధ్యాహ్నం నేను కారు ఆపగానే గేజీ తెచ్చి వాల్వు మీద నొక్కాడు. గాలి ఎన్ని పౌండ్లుందో చూపించే ఆ చిన్న గొట్టాన్ని నేను చూడటం అదే మొదలు.

"నలభై రెండు! దీన్ని కారనుకున్నావా, లారీ అనుకున్నావా?"

నేను వంగి గాలి తియ్యబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు కాదయ్యా. ఎండలో పరుగెత్తి వచ్చింది, లోపల గాలి వేడెక్కి పొంగి ఉంది. ఇప్పుడు చూసి తీశావంటే రేపు పొద్దుటికి తక్కువైపోద్ది. నీడలో పెట్టి, అన్నం తినిరా."

సాయంత్రానికి టైర్లు చల్లబడ్డాక ముందు చక్రాలకు ఇరవై ఆరు, వెనక వాటికి ఇరవై ఎనిమిది ఉంచాడు. వెనక ముగ్గురు కూర్చునే రోజు ఇంకో రెండు కొట్టమన్నాడు. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి, కాగి, పగులుతాయని చెప్పాడు. "ఇసకలో దిగబడితే మాత్రం సగం దాకా తీసెయ్. టైరు వెడల్పై పైన తేలుద్ది. ఒడ్డెక్కాక మళ్లీ కొట్టకుండా పోయావంటే నీ టైరు నీకు దక్కదు," అన్నాడు. తన దగ్గరున్న పాత గేజీ ఒకటి నా జేబులో పెట్టి పంపాడు.

తిరిగి వస్తుంటే అది నేను నడిపిన కారేనా అనిపించింది.

నెల తిరక్కుండానే గరిడేపల్లి నుంచి పొద్దున్నే కబురొచ్చింది. గొర్ల కాపరి భార్య, తొలికాన్పు. నొప్పులు మొదలై ఒక పగలూ రాత్రీ గడిచాయి. డాక్టరమ్మ చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, మిర్యాలగూడ దవాఖానలో ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఉన్నాడని, వెంటనే అక్కడికి పోవాలని చెప్పింది. వెనక ఆ పిల్ల, ఆమె అత్త, డాక్టరమ్మ. ముందు నా పక్కన భర్త.

మేం మూసీ దాటే చోట వంతెన లేదు. ఎండాకాలం ఎడ్లబండ్ల జాడ పట్టుకుని ఇసుకలోంచే పోవాలి. నడుమకు వచ్చేసరికి వెనక చక్రాలు దిగబడ్డాయి. ఎంత తొక్కితే అంత లోతుకు పోతున్నాయి. దిగి, వాల్వు నొక్కి గాలి వదలడం మొదలుపెట్టాను.

అత్త గొల్లుమంది. "అయ్యో, గాలి తీస్తున్నవేంది కొడుకా! ఇగ మేం గీడనే ఉండాల్నా?"

డాక్టరమ్మ నా కళ్లలోకి చూసింది. "ఇదివరకు చేశావా?"

"లేదమ్మా. కోదాడ పెద్దాయన చెప్పిండు."

"అయితే కానివ్వు."

నాలుగు టైర్లూ పదిహేనుకు దించాను. భర్తా, అటుగా వస్తున్న ఇద్దరు బండివాళ్లూ వెనక నుంచి నెట్టారు. కారు ఒకసారి ఊగి, మెల్లగా పైకి లేచి, ఆగకుండా అవతలి ఒడ్డుకు చేరింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ముందున్నది రాళ్ల దారి. గాలి కొట్టకుండా పోతే ట్యూబు నలిగి నడిదారిలో ఆగిపోతాం. పూర్తిగా కొడదామంటే టైం లేదు, పైగా ప్రతి రాయీ ఆ పిల్ల ఒంటికి తగులుతుంది. లోపల ఆమె చీరకొంగు పళ్ల మధ్య బిగపట్టుకుని ఉంది. ఇరవై రెండు చాలనుకున్నాను. మెల్లగా పోతే ఆ గాలి మిర్యాలగూడ దాకా ఓర్చుకుంటుందని నా అంచనా. అది ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ చెప్పలేదు.

నేనూ, ఆమె భర్తా వంతులేసుకుని పంపు కొట్టాం. అతను తన వంతులో ఒక్కసారి కూడా ఆగలేదు.

తర్వాత రెండుసార్లు ఆపి, టైర్ల పక్కలు చేత్తో తాకి చూశాను. వెచ్చగా ఉన్నాయి, కాలడం లేదు. రెండోసారి ఆగినప్పుడు లోపలి నుంచి ఆ పిల్ల, "అన్నా, ఆపకు. ఇప్పుడు జర నిమ్మళంగనే ఉంది," అంది. దారిలో ఆమె మాట్లాడింది అదొక్కటే.

దవాఖాన వరండాలో నేనూ, ఆమె భర్తా గోడకు ఆనుకుని కూర్చున్నాం. పొద్దు వాలేవేళకు డాక్టరమ్మ బయటికొచ్చింది. చీర నిండా చెమట. "ఆడపిల్ల. తల్లి కూడా బాగుంది," అని మెట్టు మీద కూలబడింది. అతను నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పంపు కొట్టి మా ఇద్దరి అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచేస్తుంటే అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, గీ పని నాక్కూడ నేర్పుతవా?"

"గొర్లనెవరు కాస్తరు?"

"మా తమ్ముడున్నడు. రేపు నా బిడ్డను మోటారుల తిప్పాలె గద."

నేర్పాను. తీరిక దొరికినప్పుడల్లా గరిడేపల్లి నుంచి ఏదో ఒక బండి పట్టుకుని సూర్యాపేట వచ్చేవాడు. గేజీ చదవడం మూడు రోజుల్లో వచ్చింది, స్టీరింగుకు ఏడాది పట్టింది. ఆ తర్వాత త్రిపురారం వైపు నడిచే ఒక కిరాయి కారుకు డ్రైవరయ్యాడు. కొన్నేళ్లకు ఒకసారి మిర్యాలగూడలో ఎదురుపడితే చూశాను. ముందు సీట్లో అతని కూతురు, కాళ్లు అందక ఊపుకుంటూ, దారి మొత్తం తనే చూసుకుంటున్నట్టు ముందుకే చూస్తూ కూర్చుంది.