కమలవ్వ తుంచిన నారు కొనలు

పెద్దపల్లి దగ్గరి పల్లెలో నాట్లు వేసే పన్నెండు మంది ఆడవాళ్ళకు కమలవ్వ పెద్ద. మడిలో దిగేముందు ఆమెకు ఒకటే పని, నారు కట్టల కొనలు కొడవలితో తెగ్గొయ్యడం. ఎండుగడ్డి రంగులో, రెక్కకో నల్లచుక్కతో, గోరంత ఉండే రెక్కల పురుగు ఆ కొనల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి పిల్ల పురుగులు బయటికొచ్చి కాండంలో దూరి లేత మొవ్వును తినేస్తాయి. ఇది తెలియనివాళ్ళు లేరు, ఓపిక ఉన్నవాళ్ళే లేరు. "నారుకు కటింగ్ చేసే కమలవ్వ" అని ఊరంతా ఎగతాళి. ఆమెకేమో అదే గొప్ప.

బయటి గుంపులు రెండింతలు నాటుతాయని తెలిసినా రైతు పరశురాములు ఇరవై ఏళ్ళుగా ఆమెనే పిలుస్తున్నాడు. మొన్న వానాకాలం అతని మడిలో నాట్లు అయ్యేసరికి మబ్బు కమ్మింది. కమలవ్వ తుంచిన కొనలను ఎప్పటిలా గోతిలో పాతకుండా, గట్టుమీద కుప్పపోసి ఇంటికి పరుగెత్తింది. తర్వాత మర్చేపోయింది.

ఇరవై రోజులకు అటుగా పోతూ ఆగింది. ఆ గట్టు వెంట మొవ్వులు ఎండి ఉన్నాయి. ఒకటి లాగితే ఇట్టే చేతిలోకి వచ్చింది. మిగతా మడంతా పచ్చగానే ఉంది. తాను వదిలేసిన కొనల మీది గుడ్లే పగిలి పురుగైందని కమలవ్వకు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్తే పన్నెండు ఇళ్ళకు ఆ పొలం పని పోతుంది. మూడు పూటలు అన్నం సయించలేదు. ఇంతలో పరశురాములు మడంతా మందు కొడుతున్నాడని విన్నది. ఇక ఆగలేక వాళ్ళింటికి పోయింది.

"తమ్మీ, గా కొనలు నేనే గట్టుమీద ఇడిసిపెట్టి పోయిన. తప్పు నాదే."

"నువ్వు చెప్పకుంటె నాకు తెల్వకపోవు గదక్కా."

"మడంత మందు ఎందుకు కొడ్తవు? గట్టు పొంటి కొడ్తె సాలు."

అతను లోపలికి పోయాడు. కమలవ్వ ఇంటిదారి పట్టింది.

యాసంగి పంట కాలం వచ్చింది. పక్క పొలాల్లో నాట్లు మొదలయ్యాయి. పిలుపు రాలేదు. ఇక అయిపోయిందనే అనుకుంది. ఒకరోజు పొద్దున్నే పరశురాములు ట్రాక్టరు గడప ముందు ఆగింది. ఖాళీ యూరియా సంచి ఒకటి అరుగుమీద పడింది.

"అక్కా, రేపు నాట్లు. కొనలన్నీ గీ సంచిల నింపి నాకియ్యి. నేనే అగ్గిల కాలవెడ్త."

ట్రాక్టరు పోయాక కమలవ్వ కళ్ళు తుడుచుకుని సంచిని రెండుసార్లు తిప్పి చూసింది. అడుగున ఓ మూల చిరిగింది. సూదీ దారం కోసం లోపలికి వెళ్ళింది.