నెత్తికెక్కిన ఛాతీ వెంట్రుకలు

ముప్పై నిండకముందే నాకు బట్టతల వచ్చింది. నంద్యాలలో ఒక డాక్టరు తల వెనక నుంచి వెంట్రుకలు తీసి ముందు నాటాడు. చాలలేదు.

"ఛాతీ నిండా ఇంత పెట్టుకొని దిగులెందుకప్పా? అవే తీసి నెత్తిన పెడతా. యాడివైనా వెంట్రుకలే గదా," అన్నాడు.

ఏడాది తిరిగేసరికి నెత్తి నల్లగా నిండింది. డాక్టరు నా ఫొటో తీసుకుంటానంటే నవ్వుతూ నిలబడ్డాను.

ఆ తర్వాతే అసలు సంగతి బయటపడింది. తల వెంట్రుకలు పెరిగేవి, ఛాతీవి వేలెడు కూడా కాకుండానే ఆగిపోయేవి. ఉంగరాలు తిరిగి, దువ్వెనకు లొంగక, నుదుటి మీద బ్రష్షులా నిలబడేవి. నలభై రాకముందే అవి మాత్రం తెల్లబడ్డాయి. వెంట్రుకలు పీకిన చోటల్లా ఛాతీ మీద తెల్లటి చుక్కల్లా మచ్చలు మిగిలాయి. కేసీ కాలువలో ఈత మానేశాను.

పోయిన ఎండాకాలం తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నీ ఫొటో ఈడ నంద్యాల క్లినిక్ గోడకు పెట్టినారు. నాగ్గూడా అట్లే చేస్తానంటాండాడు డాక్టరు."

ఆళ్లగడ్డలో దొరికిన బస్సెక్కాను. దారి పొడవునా ఒళ్లు మండిపోతూనే ఉంది. క్లినిక్ గోడ మీద నేను నవ్వుతున్నాను. కింద 'శాశ్వత ఫలితం' అని రాసి ఉంది. డాక్టరు బయటికి వచ్చాడు.

"ఇది ఎప్పటి ఫొటో?" అని అరిచాను.

"లోపల మాట్లాడుకుందాం రాప్పా."

"ఈడ్నే మాట్లాడు!"

చొక్కా విప్పేశాను. కూర్చున్నవాళ్లందరికీ ఛాతీ చూపించి, తల వంచి నెత్తి చూపించాను. "చూడండప్పా! ఫొటోలో ఇది యాడుంది?"

"అందరికీ ఒకే మాదిరి రాదు," అన్నాడు డాక్టరు.

"ఆ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

ఫొటో నేనే ఊడబీకి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"అంతమంది ముందర చొక్కా ఇప్పల్నా?" అని వాడు బస్సులో మొహం తిప్పుకున్నాడు. మర్నాడు మంగలి షాపుకు పోయి నున్నగా గుండు గీయించుకున్నాడు. ఇప్పటికీ అట్లాగే హాయిగా తిరుగుతున్నాడు.

నాకు ఆ దారీ లేకుండా చేశాడు డాక్టరు. గుండు గీయిస్తే తల వెనక మచ్చలన్నీ బయటపడతాయి. అద్దం చూసిన ప్రతి ఉదయం ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.