గూడబాతుల మీద దారాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం భూమ్మీద ఒక్కటీ లేదు. బొమ్మల డిగ్రీ చేతికొచ్చి నాలుగు నెలలైంది మరి. ఏలూరులో ఒక సంస్థవాళ్లు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చి, కలిదిండి దగ్గర ఒక ఊరి బడి గోడ అప్పగించారు. ఊళ్లోని తాతలూ మనవలూ కలిసి దాని మీద కొల్లేరు బొమ్మ వేయాలి. నాకు తోడుగా ఏలూరు నుంచి బోర్డుల సాయిబుగారు వచ్చారు. ఒకప్పుడు బజారులో సగం దుకాణాల పేర్లు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెలు అటకెక్కాయి. "గోడ ముట్టుకుని ఆరేళ్లయిందండీ. ఇది కుదిరితే మళ్లీ నాలుగు పనులు రావచ్చు," అన్నారు రంగులు కలుపుతూ. నేను గంభీరంగా తలూపాను. (వీలు చూసుకుని ఆయనకు కళ నేర్పాలని కూడా నిశ్చయించుకున్నాను.)

గోడ నిండా నేనే గూడబాతులు గీశాను, ఒక్కోదాని నోట్లో ఒక్కో చేప. తాతలు మనవల్ని వెంటేసుకుని వచ్చి, చూసి, కుంచెలు పట్టకుండా నిలబడిపోయారు. చివరికి ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా అడిగారు.

"ఏవండీ, ఆ చేప ఎవరి చెరువుదండీ?"

ఆ ఊళ్లో అందరివీ చేపల చెరువులే. పొద్దస్తమానం పక్షుల్ని తోలడమే వాళ్ల పని. నేను వెళ్లి దొంగలకు నిలువెత్తు బొమ్మలు వేశాను. తప్పు దిద్దుకోవడానికి జీవవైవిధ్యం గురించి పావుగంట మాట్లాడాను. "చాలా బాగా చెప్పారండీ," అని అందరూ ఇళ్లకు బయల్దేరారు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. సాయిబుగారి ముఖం మాత్రం చూడలేకపోయాను.

ఆయనే గబగబా వాళ్ల వెనకాలే వెళ్లారు. "ఏవండీ, పక్షులు వాలకుండా చెరువు మీద దారాలు కడతారంట గదండీ? నాకు తెలీదు. కాస్త గీసి చూపిస్తారా?"

అంతే, అందరూ వెనక్కి తిరిగారు. తాతలు చెప్పడం, మనవలు గీయడం, "అంత ఎడం వదిలితే దూరిపోద్దిరా!" అని కసురుకోవడం. గట్టు మీద టపాకాయ పేల్చే మనిషిని సాయిబుగారు వేస్తే, అది తనేనని ముగ్గురు తాతలు వాదించుకున్నారు. సాయంత్రానికి నా పక్షులన్నీ దారాల జైల్లో ఉన్నాయి. మర్నాడు ప్రారంభానికి వచ్చిన అధికారి, "మనిషి అత్యాశకు బందీ అయిన ప్రకృతి! ఎంత లోతైన ఆలోచన!" అన్నారు. చేపల రైతులందరూ చప్పట్లు కొట్టారు.

పెద్దాయన మావైపు వచ్చారు. పొగడ్త అందుకోవడానికి నేను వినయంగా నవ్వి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన నన్ను దాటి వెళ్లి, "సాయిబుగారూ, మా మేత షెడ్డు మీద మనవరాలి పేరు రాయాలండీ. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండిపోతారా?" అన్నారు. ఆయన వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. సాయిబుగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

నా కళ అర్థంకాని ఊరి మీద అలిగి, తిరుగు బస్సులో ఏలూరు దాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. అప్పటి నన్ను, ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. సాయిబుగారు ఆ ఊళ్లోనే ఉండిపోయి పక్క సీటు ఖాళీగా ఉన్నందుకు సంతోషించాల్సిన రోజు కదా అది!