సకల జనులలో ఒక రోజు

హైదరాబాదు చరిత్ర రాసినవాళ్ళు నవాబుల భోజనం నుంచి దొరల వేట దాకా అందరి అలవాట్లనూ నమోదు చేశారు గాని, తార్నాక చౌరస్తా ఇరానీ హోటల్లో కొమురెల్లి రోజూ సాయంత్రం ఒంటరిగా కూర్చుని ‘వన్ బై టూ’ చాయ్ చెప్పడాన్ని విస్మరించారు. ఇది క్షమించరాని లోపం. ఒక చాయ్‌ను రెండు కప్పుల్లో పోయించుకునేది ఇద్దరు మనుషులు. కొమురెల్లి ఒక్కడే. రెండో కప్పు ఎదుటి కుర్చీ ముందు చల్లారి మీగడ కట్టేది. సర్వరు ఏమీ అడక్కుండా తీసుకుపోయేవాడు.

ఆ కప్పు సామేలుది. సామేలు చనిపోయి ఏడాది దాటింది.

ఇద్దరూ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థులు. తార్నాకలో పద్మావతమ్మగారి మేడమీద ఒకే గది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆవిడ వాళ్ళను స్నేహితులనుకునేది. అలా అనుకోవడమే అందరికీ సుఖమని తేల్చుకుందేమో కూడా. రెండువేల తొమ్మిది జులైలో, ఇద్దరు మగవాళ్ళ ప్రేమ నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పిన రోజు, సామేలు “ఇగ దాసుకునుడు బంద్” అన్నాడు. డిసెంబరుకల్లా క్యాంపస్‌లో తెలంగాణ ఉద్యమ శిబిరం లేచింది. వకీళ్ళు, టీచర్లు, గీత కార్మికులు, రోజుకొక సంఘం తమ బ్యానరు కట్టుకుని రిలే నిరాహార దీక్షలో కూర్చునేది. తమలాంటివాళ్ళకూ ఒక రోజు కావాలని సామేలు శిబిరం కన్వీనరు బాలరాజును అడిగాడు. బాలరాజు మాట దాటేసి మైకు సవరించుకున్నాడు. ఆ పై వానాకాలం కామెర్లు సామేలును తీసుకుపోయాయి. అతని ఊళ్ళో సమాధి దగ్గర కొమురెల్లి రూమ్మేటు హోదాలో చివరి వరుసలో నిలబడ్డాడు.

పోయినవాడు గది మాత్రం ఖాళీ చేయలేదు. మాట్లాడబోయే ముందు సన్నగా గొంతు సవరించుకోవడం సామేలు పద్ధతి. ఆ చప్పుడు మెట్లమీద వినిపించేది. ఒకసారి పద్మావతమ్మగారు కూడా “సామేలు వచ్చినట్టున్నాడే” అని, నాలిక కరుచుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

సామేలు అడిగిన రోజును ఇప్పుడు కొమురెల్లి అడగాలి. అతనికి వాదించడం రాదు. పొద్దున్నే శిబిరంలో జంపఖానాలు పరిచేవాడు, ఇతరుల బ్యానర్లు వంకర లేకుండా కట్టేవాడు, మంచినీళ్ళు మోసేవాడు, వీలు చూసి అడిగేవాడు. బాలరాజు చెడ్డవాడు కాడు. కాకపోతే అతని దగ్గరున్న కారణాల నిల్వ ఎంత పెద్ద ఉద్యమానికైనా సరిపోతుంది. ముందు తెలంగాణ రానిమ్మనేవాడు. జనం నవ్వుతారనేవాడు. అవతలివాళ్ళు దీన్నే పట్టుకుంటారనేవాడు. కొమురెల్లి “సరేనన్నా” అని జంపఖానా మడిచేవాడు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టయ్యేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కారు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి.

“అన్నా, సకల జనులంటే ఎవరెవరు?” అని అడిగాడు కొమురెల్లి.

“అందరు.”

“గా అందర్ల మేం లేమా? సామేలు గీడనే లాఠీదెబ్బలు తిన్నడు. కొట్టినోడు గూడ ‘నువ్వెవర్ని ప్రేమిస్తున్నవ్’ అని అడగలే.”

బాలరాజు ఒరిగిన జెండా కర్రను నిటారుగా నిలబెట్టాడు. “బేస్తారం కూసో” అన్నాడు.

గురువారం బ్యానరు వచ్చింది. దాని మీద ‘తార్నాక బ్రహ్మచారుల సంఘం’ అని ఉంది.

“సమజైనోళ్ళకు సమజైతది తమ్మీ,” అన్నాడు బాలరాజు.

“సామేలు బ్రహ్మచారి గాదన్నా.”

కొమురెల్లి బ్యానరు విప్పి, తిరగేసి, ప్లకార్డుల కోసం ఉంచిన నల్ల పెయింటుతో ‘స్వలింగ ప్రేమికులం. జై తెలంగాణ’ అని రాసి, వంకర లేకుండా కట్టి, దాని కింద కూర్చున్నాడు. తోడు కూర్చుంటామన్న ఇద్దరు మిత్రులు దూరంగా చెట్టు చాటునే ఉండిపోయారు. బాలరాజు మైకు అందుకుని, మొహం తుడుచుకుని, రాసింది రాసినట్టు చదివాడు. నినాదం వచ్చింది. రోజూ వచ్చినంత గట్టిగా కాదు గాని, వచ్చింది. సంఘీభావం తెలపడానికి వచ్చినవాళ్ళు కొమురెల్లి పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. అతను రోజంతా అటు తిరగలేదు. తిరిగితే ఖాళీగా కనబడుతుందని భయం.

ఐదింటికి బాలరాజు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశాడు. మరునాడు ఆ జంపఖానా మీద తమ వంతు దీక్షకు బస్సు కండక్టర్లు కూర్చున్నారు.